నూరేళ్ళ నాటి మ్యూటోస్కోప్ కొనమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. పద్దెనిమిదేళ్ళుగా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి తాతయ్యతో రైలెక్కే ముందు, ప్లాట్‌ఫారం మీది బరువు తూచే మిషన్ ఎక్కి బిళ్ళ వేయడం నాకు పెద్ద పండగ. ఆ సరదానే ఇప్పుడు నాణెం వేస్తే ఆడే పాత ఆర్కేడ్ మిషన్ల మీద పిచ్చిగా మారింది. గరాజ్‌లో మూడున్నాయి, వాటిలో రెండు పనిచేయవు. ఈమధ్య ఒక డీలరు ‘1900 ప్రాంతంది’ అంటూ పోత ఇనుప మ్యూటోస్కోప్ చూపించాడు, అదే, నాణెం వేసి పిడి తిప్పితే లోపల కదిలే బొమ్మలు కనిపించే పెట్టె. ఎనిమిది వేల డాలర్లు అడుగుతున్నాడు. ఇంకో 1500 ఇస్తే రంగులు గీకించి, కొత్త నికెల్ పూత పెట్టించి, తళతళలాడేలా చేసి ఇస్తానంటున్నాడు. పక్కనే ఉన్న పాత స్లాట్ మిషన్ కూడా చవగ్గా ఇచ్చేస్తాడట. మా ఆవిడ ‘ఇల్లు తుక్కు కొట్టయిపోతోంది’ అంటోంది. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందేమోనని నాకు టెన్షన్. కొనమంటారా, వద్దంటారా?

సమాధానం:

కొనాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఆ 1500 డాలర్ల పని మాత్రం దయచేసి చేయించకండి. మీరు కొనకపోయినా సరే, ఆ మిషన్ మీద ఉప్పుకాగితం పడకుండా ఆపగలిగితే ఆపండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్నగారు సికింద్రాబాద్‌లో గడియారాలు బాగుచేసేవారు. నేను షికాగో వచ్చిన కొత్తలో, ఆ పనితనం నాకూ ఉందన్న ధైర్యంతో ఒక పాత మిషన్ కొన్నాను. టేబుల్ మీద పెట్టుకునే ఓక్ చెక్క పెట్టె. పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, వేసి మీట లాగితే సినిమా తార బొమ్మ ఉన్న దళసరి కార్డు ఒకటి కిందికి జారుతుంది. షికాగోలోని ఎగ్జిబిట్ సప్లై కంపెనీ ఇలాంటివి లెక్కలేనన్ని చేసింది. అచ్చం మన ప్లాట్‌ఫారం మిషన్ టికెట్టే అనిపించింది నాకు. దాని మీద కూడా ఒకవైపు బరువు, ఇంకోవైపు సినిమా తార బొమ్మో జాతకం వాక్యమో ఉండేది కదా. పెట్టె నల్లగా, జిడ్డుగా ఉంది. రెండు ఆదివారాలు కూర్చుని గీకాను, రుద్దాను, వార్నిష్ వేశాను. అద్దంలా మెరిసింది. మరుసటి ఏడాది ఈ మిషన్ల మధ్యే జీవితం గడిపిన ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చి, ముందు చెక్క మీద వేళ్ళతో తడిమి చూశాడు. ‘ఇక్కడ ఒక కాగితం అంటించి ఉండేది’ అన్నాడు మెల్లగా. నిజమే. మాసిపోయి, అంచులు లేచిపోయి ఉంటే మురికి అనుకుని నేను గీకేసిన కాగితం అది. వాడే విధానం, కంపెనీ పేరు దాని మీదే ఉన్నాయి. ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పనిచేస్తుంది. కానీ ఆ చోటు ఖాళీగా కనిపించినప్పుడల్లా బాధగానే ఉంటుంది. రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. గీకేసినదాన్ని తిరిగి తీసుకురావడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు మీ మ్యూటోస్కోప్ సంగతికి వస్తాను. ఇది తెలుసుకుంటే డీలరు మాటల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో మీకే అర్థమవుతుంది.

1894లో న్యూయార్క్‌లో ఎడిసన్ కైనెటోస్కోప్ పార్లర్ తెరిచారు. పెట్టెలోకి కన్ను పెట్టి చూస్తే లోపల ఫిల్మ్ పరుగెడుతుంది. దానికి మోటారు కావాలి, కరెంటు కావాలి. పైగా తిరిగి తిరిగి ఫిల్మ్ అరిగిపోయేది. ఆ పరికరం తయారీలో ఎడిసన్ దగ్గర ముఖ్యంగా పనిచేసిన డబ్ల్యూ.కె.ఎల్. డిక్సన్ మరుసటి ఏడాదే బయటికి వచ్చి హెర్మన్ కాస్లర్ అనే మెకానిక్‌తోనూ మరో ఇద్దరితోనూ కలిశాడు. కాస్లర్ పేరు మీద 1895 నవంబర్‌లో పేటెంటు వచ్చింది. అదే మ్యూటోస్కోప్. ఇందులో ఫిల్మ్ లేదు. చిన్నప్పుడు మనం నోటుబుక్కు మూలల్లో పేజీకో బొమ్మ గీసి, బొటనవేలితో జర్రున వదిలి పరుగెత్తించేవాళ్ళం కదా, సరిగ్గా అదే కిటుకు. సుమారు 850 ఫొటో కార్డుల్ని ఒక చక్రం చుట్టూ గుచ్చుతారు, దాన్నే రీలు అంటారు. మీరు పిడి తిప్పుతుంటే పైనున్న చిన్న లోహపు నాలుక ఒక్కో కార్డును క్షణం పాటు ఆపి వదులుతుంది. టపటపమని కార్డులు పడుతుంటే లోపల మనిషి నడుస్తాడు. మెల్లగా తిప్పితే మెల్లగా, గబగబా తిప్పితే గబగబా. చెయ్యి ఆపితే బొమ్మ కూడా ఆగి మీ వైపే చూస్తుంది. సినిమా వేగం చూసేవాడి చేతిలో ఉండటం నాకు ఎన్నిసార్లు చూసినా అద్భుతంగానే ఉంటుంది. మహా అయితే ఒక నిమిషం. ఆ తర్వాత చీకటి పడిపోతుంది, మళ్ళీ పెన్నీ వేయాలి. తిరునాళ్ళలో బయోస్కోపు పెట్టెకి కళ్ళానించి చూసినవాళ్ళకి ఈ ఆనందం వేరే చెప్పక్కర్లేదు.

మోటారు అవసరం లేదు కాబట్టే ఇది ఊరూరా తిరిగింది. తొలినాటి కొన్ని నమూనాల్లో బల్బు కూడా ఉండదు. పైన ఉన్న అద్దం పగటి వెలుగునే లోపలికి మళ్ళిస్తుంది. ఇంగ్లండులో ఒడ్డు నుంచి సముద్రంలోకి వంతెనల్లా కట్టిన పియర్ల మీద ఇవి దశాబ్దాల పాటు పెన్నీలు మింగాయి. ఇలాంటి పెన్నీ ఆర్కేడ్ల వ్యాపారంలో డబ్బు కళ్ళజూసిన అడాల్ఫ్ జుకోరే తర్వాత పారమౌంట్ సంస్థను నిలబెట్టాడు. డిక్సన్, కాస్లర్ వాళ్ళు పెట్టిన మొదటి కంపెనీ కాలక్రమంలో బయోగ్రాఫ్ పేరుతో సినిమాల వైపు వెళ్ళిపోయింది. 1920లలో విలియం రాబ్కిన్ ఇంటర్నేషనల్ మ్యూటోస్కోప్ రీల్ కంపెనీ పెట్టి మళ్ళీ తయారు చేయించాడు. మీకు ఈ తేడా ముఖ్యం. నగిషీలు చెక్కిన స్తంభం మీద ఆల్చిప్పలా గుండ్రంగా కూర్చున్న పోత ఇనుప పెట్టె అయితే తొలి తరానిది. సాదా రేకు పెట్టె అయితే రాబ్కిన్ కాలంది. రెండోది పనికిరానిదేమీ కాదు, హాయిగా ఆడుకోవడానికి నిజానికి అదే మేలు. కానీ రెండింటి ధరకీ పొంతన ఉండదు. రేకు పెట్టెను ఇనుప పెట్టె ధరకు కొనకూడదు.

మరి మీకు చూపించింది అసలుదేనా? ఫొటోలు చూసి చెప్పే విషయం కాదిది. మీరే చేత్తో పట్టుకుని చూడాలి. ఒక అయస్కాంతం తీసుకెళ్ళండి. పోత ఇనుముకి గట్టిగా పట్టుకుంటుంది. అల్యూమినియంతోనో ఫైబర్‌తోనో పోసిన నకలుకి అంటుకోదు. తర్వాత నగిషీల అంచులు తడిమి చూడండి. అసలు పోతలో ఆకులు, తీగల గీతలు పదునుగా తెలుస్తాయి. అసలుదాన్ని అచ్చుగా పెట్టి మళ్ళీ పోసినదానిలో గీతలు మొద్దుబారతాయి, ఉపరితలం ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటుంది, కొలత కూడా ఓ పిసరు తగ్గుతుంది.

అన్నిటికంటే నిజం చెప్పేవి స్క్రూలు. ఈ పరీక్ష మా నాన్నగారు గడియారాలకి చేసేవారు, నేను మిషన్లకి చేస్తున్నాను. ప్లస్ గుర్తు స్క్రూలు బజారులోకి వచ్చిందే 1930ల మధ్యలో. 1900 నాటి మిషన్ అని చెప్పినదాంట్లో ప్లస్ గుర్తు స్క్రూ కనిపిస్తే, కనీసం ఆ చోట తర్వాతెవరో చెయ్యి పెట్టారన్నమాట. ఒకటి రెండైతే మరమ్మతు అనుకోవచ్చు. వెనక తలుపు తీస్తే అన్నీ అవే ఉంటే వచ్చిన దారిన వచ్చేయండి. ఒంటి గాటు స్క్రూలే ఉన్నా వాటి తలలు చూడండి. గాట్లు చెదిరిపోయి, చుట్టూ రంగు ఊడి ఉంటే ఎన్నోసార్లు విప్పారని లెక్క. క్రోమియం పూత కూడా ఇలాంటి సాక్షే. అది వాడుకలోకి వచ్చింది 1920ల చివర్లో. అంతకు ముందు మెరుపంటే నికెలే. నికెల్ మెరుపులో కాస్త పసుపు ఛాయ, వెచ్చదనం ఉంటాయి. క్రోమ్‌ది నీలంగా, చల్లగా ఉండే మెరుపు.

ఇక రీలు. చాలామంది పెట్టె చూసి మురిసిపోయి రీలును మర్చిపోతారు. మ్యూటోస్కోప్‌కి ప్రాణం రీలే. భూతద్దం పెట్టి ఒక కార్డు చూడండి. అసలు ఫొటో ప్రింటు అయితే నలుపు తెలుపుల మధ్య బూడిద రంగు పొగలా ఎడతెగకుండా పరుచుకుని ఉంటుంది. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఈ కాలంలో అచ్చేసిన నకలు. పిడి మెల్లగా తిప్పుతూ ఎక్కడెక్కడ బొమ్మ గెంతుతోందో గమనించండి. అక్కడ కార్డులు విరిగిపోయి ఉంటాయి. పది ఇరవై పోయినా పర్వాలేదు. వరసగా వంద పోతే కథే పోతుంది. కార్డులకి సెల్లోటేపు అంటించి ఉంటే ధర తగ్గించమని అడగండి. ఆ జిగురు కాలక్రమంలో పసుపెక్కి ఫొటోను తినేస్తుంది, ఊడదీయబోతే బొమ్మ కూడా లేచి వస్తుంది. ఒకటే రీలుతో ఇస్తున్నాడా, అదనంగా ఉన్నాయా అని కూడా తప్పకుండా అడగండి.

తాళంచెవి ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే తాళాల పనివాడి చేత చెవి చేయించుకోవచ్చు, డ్రిల్లు మాత్రం పెట్టనివ్వకండి. బల్బు ఉన్న నమూనా అయితే బట్ట చుట్టిన పాత వైరు ఉంటుంది, లోపలి రబ్బరు పొడిపొడిగా రాలిపోతూ ఉంటుంది. దాన్ని గోడకున్న ప్లగ్గులో అస్సలు పెట్టకండి. వైరు మార్చడంలో తప్పు లేదు, ఇది ప్రాణాలతో వ్యవహారం. తీసిన పాత వైరును ఒక కవర్లో వేసి, తేదీ రాసి, పెట్టెలోనే ఉంచండి. బల్బు వేడి కార్డులకి మంచిది కాదు కాబట్టి చిన్న ఎల్.ఇ.డి. పెట్టుకోండి.

శుభ్రం చేయాలంటే మెత్తని పొడి గుడ్డ, మెత్తని బ్రష్షు చాలు. తిరిగే చోట గడియారాలకి వాడే సన్నని నూనె ఒక్క చుక్క. నాణెం జారే దారిలో నూనె అస్సలు వద్దు. దుమ్ము పట్టి అంటుకుపోతుంది, నెలలో మిషన్ నాణేలు మింగి కూర్చుంటుంది. మీ గరాజ్‌లో పనిచేయని ఆ రెండింటికీ బహుశా ఇదే జబ్బయి ఉండొచ్చు. కొత్తది కొనకముందు ఒక శనివారం వాటి నాణెం దారి విప్పి చూడండి. విప్పేటప్పుడు ప్రతి మెట్టులో ఫోను తీసి ఫొటో కొట్టండి. స్క్రూలను ఊడదీసిన వరసలోనే ఇడ్లీ పాత్ర గుంటల్లో వేసుకోండి. నేనూ అలాగే చేస్తాను, అంతకన్నా మంచి పళ్ళెం నాకు దొరకలేదు.

స్లాట్ మిషన్ మాట క్లుప్తంగా చెప్తాను. మీ కాలిఫోర్నియాలో 25 ఏళ్ళు దాటిన స్లాట్ మిషన్‌ను జూదానికి వాడకుండా ఇంట్లో ఉంచుకోవచ్చు. కానీ ప్రతి రాష్ట్రానికీ ఈ లెక్క వేరు, కొన్నిచోట్ల ఎంత పాతదైనా కుదరదు. రేపు ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళాల్సి వస్తే అదొక తలనొప్పి. పైగా మీ ఉత్తరంలో దాని మీద ప్రేమ ఎక్కడా కనిపించలేదు, చవగ్గా వస్తోందన్న మాటే ఉంది. వదిలేయండి.

మీ ఆవిడ గురించి. ఆవిడ అన్నదాంట్లో కోపం కన్నా నిజం ఎక్కువుంది. పనిచేయని మిషన్ గరాజ్‌లో ఉంటే అది ఇంట్లో వాళ్ళకి తుక్కే. ఆవిడ ఇంతవరకు వాటిని ఆడుతుండగా చూసి ఉండరు. అందుకే నా సలహా ఏమిటంటే, పాత రెంటిలో కనీసం ఒకటి పనిచేసేదాకా కొత్తదానికి డబ్బు కట్టకండి. ఎనిమిది వేలు చేతిలో ఉంటే ఆరు వేల మిషనే కొనాలి. మిగతా రెండు వేలు మోయించడానికి, మరమ్మతుకి, వైరుకి, ఇంకో రీలుకి అయిపోతాయి. కొన్నదాన్ని గరాజ్‌లో పెట్టకండి. అక్కడి తేమకి ఇనుము తుప్పు పడుతుంది, కార్డులు ఉబ్బుతాయి. హాల్లోనే పెట్టాలి. అంటే ఆవిడ ఒప్పుకోవాలి. ఇంటి మధ్యలో ఉండబోయే వస్తువు మీద ఇద్దరి మాటా చెల్లాలి కదా.

పిల్లల సంగతిలో మీ టెన్షన్ నాకు అర్థమైంది, కానీ నేను దానికి ఒప్పుకోను. ఇవి అసలు పుట్టిందే పరాయి చేతుల కోసం. పియర్ మీద ఉప్పుగాలిలో రోజూ వందమంది తిప్పినా నిలిచిన పిడి మీ అమ్మాయి తిప్పితే విరగదు. రెండు నియమాలు చాలు. ముందుకే తిప్పాలి, వెనక్కి తిప్పబోకూడదు. బిగుసుకుంటే బలం పెట్టకుండా నాన్నని పిలవాలి. తిరగకుండా ఏళ్ళ తరబడి కూర్చున్న మిషన్‌లోనే నూనె గడ్డకట్టేది, స్ప్రింగు మొండికేసేది. మా నాన్నగారు కీ ఇవ్వని గడియారాన్ని షాపులో ఒక్కరోజు కూడా ఉంచేవారు కాదు.

ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, దీనికి రుజువు మీకు దగ్గర్లోనే ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర పియర్ 45లో మ్యూజె మెకానిక్ అనే పాత ఆర్కేడ్ మిషన్ల మ్యూజియం ఉంది. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే ఆయన చిన్న పిల్లాడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టిన సేకరణ అది. ఇప్పుడు 300కి పైగా మిషన్లు ఉన్నాయి. లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు, మిషన్లలో నాణేలు వేస్తే చాలు. అద్దాల వెనక దాచలేదు, తాడు కట్టి దూరం పెట్టలేదు. ఎవరైనా ఆడొచ్చు. ప్లేలాండ్ అనే పాత వినోదశాల నుంచి వచ్చిన లాఫింగ్ సాల్ బొమ్మ నాణెం పడగానే ఒళ్ళంతా ఊగిపోతూ పకపకా నవ్వుతుంది. చిన్నపిల్లలు కొందరు జడుసుకుంటారు, ముందే చెప్పి తీసుకెళ్ళండి. అక్కడ మ్యూటోస్కోప్‌లు తిప్పి చూడండి. బాగా నడిచే మిషన్ పిడి ఎంత బరువుగా తిరుగుతుందో, కార్డుల చప్పుడు ఎలా ఉంటుందో మీ చేతికి, చెవికి ఒకసారి తెలిస్తే డీలరు దగ్గర మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు. అక్కడి మిషన్ల మీద గీతలు, మచ్చలు, అరిగిపోయిన పిడులు కూడా గమనించండి. ఎవరూ వాటిని గీకి తళతళలాడించలేదు.

మోంటానాలోని వర్జీనియా సిటీలో మిల్స్ కంపెనీ చేసిన, నోటితో జాతకం చెప్పే సోదమ్మ మిషన్ ఒకటుంది. నూరేళ్ళకు పైబడినది, ఇలాంటిది ఇంకొకటి దొరకడమే కష్టం. గారడీ విద్యలో పేరుమోసిన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ కొంటానని ముందుకొచ్చినా అక్కడివాళ్ళు అమ్మలేదు. ఆ ఊరి వస్తువు ఆ ఊళ్ళోనే ఉండాలన్నారు. పాత పనితనాన్ని చెరపకుండా ఓపిగ్గా బాగుచేసి ఉంచుకున్నారు. మీ డీలరు ‘రంగు వేస్తే ధర పెరుగుతుంది’ అంటే ఈ సంగతి చెప్పండి.

అంతిమంగా నా మాట ఇది. పైన చెప్పిన పరీక్షలన్నిటికీ నిలబడి, రీలు మూడొంతులు బాగుండి, ఉన్నదున్నట్టుగా ఇస్తే బేరమాడి కొనండి. మీరు ఆ బరువు తూచే మిషన్ గురించి రాసిన రెండు వాక్యాలు చదివాక, ఇది డబ్బు పెట్టుబడి కోసం కాదని నాకు నమ్మకం కుదిరింది. ‘రంగు వేశాకే ఇస్తాను’ అంటే మాత్రం వదులుకోండి. ఇంకోటి దొరుకుతుంది, ఏడాది పట్టినా పర్వాలేదు.

చివరగా పెన్నీల సంగతి. 2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియా టంకశాలలో వాడుక కోసం ఆఖరి పెన్నీలు కొట్టేశారు. కాబట్టి ఇప్పటినుంచే ఒక సీసాలో పోగేసుకోండి. 1982కి ముందువి ఏరుకోండి. అవి దాదాపు రాగివి, 3.11 గ్రాములు తూగుతాయి. తర్వాతివి జింకువి, 2.5 గ్రాములే. నాణెం బరువుతో మీట కిందికి దిగాల్సిన పాత మిషన్లు కొన్ని తేలిక పెన్నీకి కదలవు. డీలరు దగ్గరికి వెళ్ళే రోజు అయస్కాంతం, భూతద్దం, టార్చిలైటుతో పాటు ఆ రాగి పెన్నీలు ఓ పది జేబులో వేసుకోండి. మీ ఆవిడని కూడా తీసుకెళ్ళి, మొదటి పెన్నీ ఆవిడ చేతే వేయించండి. పిడి కూడా ఆవిడనే తిప్పమనండి. మీరు పక్కన నిలబడి కార్డుల చప్పుడు వినండి.